ఇంటికి కాపలా నా పేరు

జూన్ 3, సోమవారం

ఆనందం ఎవరికి చెప్పుకోవాలో తెలియక డైరీ పట్టుకున్నాను. మా ఆవిడకు చెప్పబోతే, "పొద్దుటి నుంచీ చెబుతూనే ఉన్నారు. పొయ్యి మీద పాలున్నాయి, తప్పుకోండి" అంది. పాలకేం, రోజూ పొంగుతాయి. నేను పొంగడం ఎన్నాళ్ళకి.

ఈ డైరీ అబ్బాయికి నిరుడు ఆఫీసులో ఇచ్చారు. వాడు ఒక్క ముక్కా రాయలేదు. అచ్చేసిన వారాలు ఈ ఏటికి కుదరవు కాబట్టి కొట్టేసి నేనే వేసుకుంటున్నాను.

సంగతేమిటంటే మా ఇంటికి దొంగల అలారం పెట్టిస్తున్నారు. పోయిన వారం వీధి చివరి ఇంట్లో పట్టపగలే దొంగలు పడ్డారు. టీవీ, మిక్సీ, ఇస్త్రీపెట్టె పట్టుకుపోయారు. పోతూ పోతూ ఒకడు తన పాత చెప్పులు గుమ్మంలో వదిలేసి ఆ ఇంటాయన కొత్త చెప్పులు తొడుక్కున్నాడు. వీధి వీధంతా గుండెలు బాదుకుంటుంటే మా ఆవిడ, "ఎవరో బుద్ధిమంతుడు. చెప్పులు బయటే విడిచి లోపలికి వెళ్ళాడు. మనింట్లో కొందరికి ఆ పాటి తెలియదు" అంది. కొందరంటే ఎవరో పేరు చెప్పలేదు. ఆవిడ ఎప్పుడూ చెప్పదు.

అలారం అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నూలు మిల్లులో కూత వేసే ఉద్యోగం నాది. నేను మీట లాగితే ఊరు లేచేది, నేను మీట లాగితే ఊరు అన్నానికి కూర్చునేది. నా కూత విని గడియారాలు సరిచేసుకునేవారు. ఒక్కనాడూ తప్పు కూత వేసిన పాపాన పోలేదు. అందుకే అందరూ కూతాయన అనేవారు. తల నెరిశాక కూత తాత అంటున్నారు. మిల్లు మూసేశాక కూత ఆగిపోయిన సంగతి ఊళ్ళో చాలామంది గమనించనే లేదని మా వీధి మంగలి అన్నాడు. నేను నమ్మను. బాధ పైకి చెప్పుకోలేక అలా అంటారు.

ఇప్పుడు కూత మా ఇంటికే వస్తోంది. మా అబ్బాయి బంగారం.

జూన్ 5, బుధవారం

ఏమని రాయను. అక్షరాలు వంకర పోతున్నాయి, పోనీ.

అలారం బిగించే ఆయన పొద్దున్నే వచ్చాడు. ప్రతి తలుపుకూ రెండు తెల్ల ముక్కలు పెట్టాడు, ఒకటి తలుపుకి, ఒకటి ద్వారబంధానికి. రెండూ విడిపోతే కూత. హాల్లో పైమూల ఒక కన్ను పెట్టాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాని ముందు మనిషి కదిలితే కూత. వీధి గుమ్మం పక్కన ఒక డబ్బా. దాని మీద అంకెల మీటలు, బయటికి పోతూ నొక్కితే కాపలా మొదలు. అలారం మోగితే కంపెనీలో కూర్చున్న అమ్మాయి ఆ డబ్బాలోంచే మనతో మాట్లాడుతుంది. బయట గోడకు ఎత్తున కూత పెట్టె.

పరీక్షకు ఒకసారి మోగించాడు. నేను చెవి ఒగ్గి విన్నాను. "గొంతు పీలగా ఉంది. కడుపులోంచి రావడం లేదు" అన్నాను.

"సార్ ఈ లైన్లోనే చేశారా?" అన్నాడాయన. నన్ను సార్ అన్నాడు.

అసలు సంగతి ఇప్పుడు. ఆయన అబ్బాయితో, "ఒక రహస్య పదం పెట్టుకోవాలండీ. అలారం మోగగానే మా అమ్మాయి అడుగుతుంది. మీరు ఆ పదం చెబితే, ఓహో ఇంటివాళ్ళే, పొరపాటున మోగింది అనుకుని ఆపేస్తుంది. చెప్పలేదంటే దొంగే అని కాపలా మనుషుల్ని పంపేస్తుంది" అన్నాడు.

అబ్బాయి గోడ వంక చూశాడు, నా వంక చూశాడు. "నాన్న పేరు పెట్టండి. అందరికీ గుర్తుంటుంది" అన్నాడు.

కోడలు నవ్వింది. "బావుంది. మామయ్య పేరు ఎవరికీ తెలియదు కాబట్టి రహస్యంగానే ఉంటుంది" అంది. ఎంత కలుపుగోలు పిల్లో.

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఊరికి కూత తాతను, కొడుక్కి నాన్నను, కోడలికి మామయ్యను, ఆవిడకు ఏవండీని. నా పేరు ఓ మూల పడుంది, అటక మీద ఇత్తడి గంగాళంలా. ఇవాళ దించారు. ఇక ఈ ఇంటికి కాపలా నా పేరే.

వంటింట్లో ఏదో మూత కింద పడిన చప్పుడైంది. మా ఆవిడ చెయ్యి జారిందట.

బిగించిన ఆయన పోతూ, "ఆ పదం ఎక్కడా రాసి పెట్టకండి సార్" అన్నాడు. అందుకని ఇక్కడ కూడా రాయడం లేదు. మాటంటే మాటే.

జూన్ 7, శుక్రవారం

క్షవరానికి వెళ్ళాను. ఊరికే ఉండలేక మంగలితో చెప్పాను, మా ఇంటి రహస్య పదం నా పేరేనని.

"అసలు నీ పేరేంటి తాతా?" అన్నాడు కత్తెర ఆపి.

నోటిదాకా వచ్చింది. మింగేశాను. రహస్యం కాపాడటం ఎంత కష్టమో, ఎంత గొప్పో.

జూన్ 9, ఆదివారం

మోగలేదు.

జూన్ 10, సోమవారం

ఇవాళా మోగలేదు. నా పేరుకు దొంగలు జడిసినట్టున్నారు.

జూన్ 11, మంగళవారం

మోగింది, మోగింది. నేను మాత్రం ఇంట్లో లేను. నా రాత.

షికారు నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు జనం. లోపల సోఫాలో మా ఆవిడ, ఒళ్ళో ఆరిన బట్టల మూట. ఎదురుగా యూనిఫారాల్లో ఇద్దరు కాపలావాళ్ళు, ఒకడు లావు, ఒకడు బక్క. మా ఆవిడ వాళ్ళకు టీ కూడా ఇచ్చింది.

"ఈవిడ మీకు తెలుసా సార్?" అన్నాడు లావాటివాడు.

"నా భార్యయ్యా."

"పదం చెప్పలేదు సార్. తెలుసట, చెప్పదట. తెలియని దొంగల్ని చూశాం గానీ తెలిసీ చెప్పని దొంగను ఇదే చూడటం."

జరిగింది ఇది. అబ్బాయి వెళుతూ వెళుతూ అలవాటులేక ఇంట్లో ఎవరూ లేరనుకుని మీట వేసిపోయాడు. మా ఆవిడ బట్టలు తీయడానికి పెరటి తలుపు తెరిచింది. కూత. డబ్బాలోంచి అమ్మాయి పలికింది. తర్వాతి మాటలు పక్కింటావిడ గోడ మీంచి విని నాకు పూసగుచ్చినట్టు చెప్పింది.

"మీ రహస్య పదం చెప్పండమ్మా."

"నేను ఈ ఇంటిదాన్నేనమ్మా."

"సంతోషమండీ. పదం చెప్పండి."

"నాకు తెలుసు ఆ పదం."

"చెప్పండి మరి."

"మా ఇంటాయన పేరు."

"ఆ పేరే చెప్పమంటున్నానండీ."

"అదెలా కుదురుతుంది? నీకు పెళ్ళయిందా అమ్మా?"

"లేదండీ."

"అయ్యాక మాట్లాడుకుందాం."

కాపలావాళ్ళకు నేను నా పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా. బక్కవాడు లేచి నిలబడ్డాడు. "మీరేనా సార్ ఆ పదం?" అన్నాడు.

సొంత సోఫాలో దొంగలా కూర్చోబెట్టినా మా ఆవిడ నా పేరు ఎత్తలేదు. ఎంత గౌరవం. ఎంత భక్తి. ఇన్నేళ్ళ కాపురంలో ఈ గౌరవాన్ని నేనే సరిగా కొలవలేకపోయాను.

"గౌరవమా? కాళ్ళు పీకుతున్నాయి, ఆ బట్టలు మడతపెట్టండి" అంది.

జూన్ 12, బుధవారం

రాత్రి భోజనాల దగ్గర పంచాయతీ.

అబ్బాయి, "అమ్మా, ఒక్క మాట. అనేస్తే ఏమవుతుంది?" అన్నాడు.

"పేరు పెట్టి పిలిస్తే మొగుడి ఆయుష్షు తగ్గుతుంది. మా అమ్మ చెప్పింది."

"నేను మీ అబ్బాయిని రోజుకు వందసార్లు పిలుస్తాను కదా అత్తయ్యా" అంది కోడలు.

"చూస్తూనే ఉన్నాను. వాడి జుట్టు అప్పుడే ఎలా పోయిందో."

అబ్బాయి తల తడుముకున్నాడు. తర్వాత, "అయితే పదం మార్చేద్దాం. బిగించినాయన వచ్చే నెల మొదట్లో వస్తాడు. టమాటా అని పెట్టిద్దాం" అన్నాడు.

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. నా స్థానంలో టమాటా.

"వద్దురా. అప్పటికి మీ అమ్మ చేత నేను పలికిస్తాను. పలికిందా, నా పేరే ఉంటుంది. పలకలేదా, నీ ఇష్టం" అన్నాను.

"సరే నాన్నా" అన్నాడు. వాడు ఫోను చూస్తూ అన్నా, మాట మాటే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రచ్చలో ఎలాగూ గెలవలేదు కాబట్టి ఇంట్లో మొదలుపెడతాను.

జూన్ 14, శుక్రవారం

కళ్ళజోడు దాచేశాను. మిల్లువాళ్ళు సన్మానంలో ఇచ్చిన షీల్డు తెచ్చి, "దీని మీద ఏం రాసుందో చదివిపెట్టు, కళ్ళజోడు కనబడటం లేదు" అన్నాను.

ఆవిడ చదివింది. "శ్రీ. తర్వాత మీరు. తర్వాత గారికి."

కళ్ళజోడు బియ్యం డబ్బా వెనక ఉందని కూడా చెప్పింది.

జూన్ 15, శనివారం

కొత్త ఉపాయం. "పొద్దున సగం పేరు అను, సాయంత్రం సగం అను. కలిపి అన్నట్టు కాదు కదా" అన్నాను.

"పొద్దున సగం ఆయుష్షు, సాయంత్రం సగం. మధ్యాహ్నం మీకు వండాలా వద్దా?" అంది.

జూన్ 16, ఆదివారం

ఉండబట్టలేక అడిగేశాను. "అసలు నీకు నా పేరు గుర్తుందా?"

ఆవిడ బెండకాయలు తరుగుతోంది. తరగడం ఆపలేదు. "పెళ్ళినాడు మా నాన్న ఒకసారి చెప్పారు. అప్పట్నుంచీ మర్చిపోదామనే చూస్తున్నాను."

ఎంత సరసం ఈ వయసులో.

చాలాసేపు నిద్ర పట్టలేదు. ఉక్క.

జూన్ 18, మంగళవారం

మోగింది. ఈసారి నేను ఇంట్లోనే ఉన్నాను. మా ఆవిడ స్నానానికి వెళ్ళింది. హాలులోని కన్ను ముందు నుంచి ఒక బల్లి పోయింది. మీట ఎలా పడిందో మరి, పడింది.

డబ్బాలోంచి అమ్మాయి అడిగింది. గొంతు సవరించుకుని చెప్పాను, ఇంటిపేరుతో సహా.

"ధన్యవాదాలు" అని నా పేరు అని, చివర గారూ అంది.

గారూ. నా పేరు పక్కన ఆ మాట ఆఖరిసారి మిల్లు సన్మానంలో విన్నాను, అదీ మైకు సగంలో కూసింది. డబ్బా దగ్గరే నిలబడిపోయాను. ఆవిడ తల తుడుచుకుంటూ వచ్చి, "ఏంటా మొహం వెలుగు?" అంది. బల్లి అన్నాను.

జూన్ 19, బుధవారం

గాలి. కిటికీ తలుపు కొట్టుకుంది.

జూన్ 20, గురువారం

కర్టెను.

జూన్ 21, శుక్రవారం

మళ్ళీ బల్లి. దీనికి వేళాపాళా బాగా తెలుసు. మా ఆవిడ స్నానాల గది తలుపు గడియ పెట్టగానే వస్తుంది.

ఆ అమ్మాయి ఎంత మంచిదో. "అంతా బాగానే ఉంది కదండీ?" అని అడుగుతుంది. బాగానే ఉందని చెప్పి, మిల్లు సంగతి కొంచెం చెప్పాను. కూత పెట్టేటప్పుడు ఆవిరి ఎంత ఎక్కాలో చెబుతుంటే, "వేరే ఇంట్లో అలారం వచ్చిందండీ, ఉంటాను" అంది. పాపం పని ఒత్తిడి. మనసు మాత్రం ఇక్కడే ఉంది.

జూన్ 25, మంగళవారం

అబ్బాయి ఆఫీసు నుంచి వస్తూనే సంచి కూడా దించకుండా, "నాన్నా, కంపెనీ వాళ్ళు మెసేజ్ పెట్టారు. మన ఇంట్లో అన్నీ ఉత్తుత్తి అలారాలేనట. ఇలాగే ఉంటే కనెక్షన్ తీసేస్తారట. ఎవరు మోగిస్తున్నారు?" అన్నాడు.

"బల్లిరా. నేను డబ్బా వైపే వెళ్ళను. ఎప్పుడో ఒకసారి వెళ్ళినా చూడటానికే. చూస్తే మోగుతుందా?" అన్నాను.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఎవరో భుజాలు తడుముకున్నారట" అంది మా ఆవిడ వంటింట్లోంచి. మళ్ళీ ఎవరో పేరు చెప్పలేదు.

కోడలు నవ్వు ఆపుకుంటూ, "వాళ్ళ దగ్గర ఇప్పుడు మామయ్య పేరు వినబడితే, ఏమీ లేదు, మీ పని మీరు చూసుకోండి అని అర్థమట" అంది.

ఆ మాట రాసుకోవాలనిపించింది, రాశాను. నా పేరు వింటే జనం నిశ్చింతగా ఉంటారు. మనిషికి ఇంతకన్నా ఏం కావాలి.

ఎదురింటాయన కూడా నిశ్చింతగానే ఉన్నాడు. మొన్న కూత మొదలైతే అరుగు మీద కూర్చుని పేపరు తిప్పాడు, అంతే. మొదటిరోజు కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చిన మనిషే.

అబ్బాయి ఆఖరిమాటగా, "డబ్బా మీద చెయ్యి వేయకండి నాన్నా, దండం పెడతాను" అన్నాడు. దండం పెట్టాక ఇంక మాటేముంది.

జూన్ 27, గురువారం

మా ఆవిడ ఇంకా పలకలేదు. బిగించినాయన వచ్చే రోజు దగ్గరపడింది. ఇవాళ సంతలో టమాటాలు చూసి మొహం తిప్పుకున్నాను.

హాల్లో కన్ను మీద దుమ్ము చేరినట్టుంది. తుడవాలి. చెయ్యి వేయొద్దన్నది డబ్బా మీద, కన్ను మీద కాదు.

జులై 2, మంగళవారం

ఆసుపత్రిలో రాస్తున్నాను. పడుకుని రాయడం నాకు కొత్త. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. నాకు ఆనందంగా ఉంది. ఎందుకో వరసగా రాస్తాను, లేకపోతే మతి పోయిందనుకుంటారు. ఎవరనుకుంటారు, ఇది నేనొక్కణ్ణే చదువుతాను కదా.

శుక్రవారం పొద్దున అబ్బాయీ కోడలూ పనులకు వెళ్ళారు. మా ఆవిడ స్నానానికి వెళ్ళింది. నేను గుడ్డ తీసుకుని, ఎత్తుపీట ఎక్కి కన్ను తుడిచాను. తుడిచాక అది పని చేస్తోందో లేదో చూసుకోవాలి కదా. పనిమంతుడన్నవాడు సగంలో వదలడు. దిగి మీట వేశాను. డబ్బా మీద చెయ్యి వేయలేదు. గొడుగు కొనతో నొక్కాను. మళ్ళీ పీట ఎక్కి కన్ను ముందు చెయ్యి ఊపాను. కూత మొదలైంది. కూతకు నేనే ఉలిక్కిపడ్డాను. జీవితమంతా కూత వేసినవాణ్ణి. పీట ఒకవైపు, నేను ఒకవైపు.

లేద్దామనుకున్నాను. కాలు నా మాట వినలేదు. పెద్దగా నొప్పి లేదు. అరిచానని మా ఆవిడ అంటుంది, అది కూత అయ్యుంటుంది.

డబ్బాలోంచి అమ్మాయి, "తాతగారూ, మళ్ళీ మీరేనా? పేరు చెప్పేయండి, ఆపేస్తాను" అంది.

నాకు ఒక్కటే తోచింది. పేరు చెబితే కూత ఆగుతుంది. ఎవరూ రారు. కాసేపు ఇక్కడే పడుకుని, నెమ్మదిగా లేచి, పీట వంటింట్లో పెట్టేస్తే అబ్బాయికి ఏమీ తెలియదు. నోరు తెరిచాను. మొదటి అక్షరం బయటికి వచ్చింది కూడా.

అంతలో మా ఆవిడ తడి జుట్టుతో వచ్చి పక్కన కూలబడి, అరచేత్తో నా నోరు మూసేసింది. చేతికి సబ్బు వాసన.

"నోరెత్తకండి. ఆ పేరు వింటే ఒక్కడూ రాడు."

అయినా నేను ఆగలేదు. మొత్తం పేరు పలికాను, ఇంటిపేరుతో సహా. ఆవిడ అరచేతికి తప్ప ఎవరికీ వినబడలేదు.

"ఎవరండీ అక్కడ? పదం చెబుతారా?" అంది అమ్మాయి.

"చెప్పను" అంది మా ఆవిడ.

"అమ్మగారూ, మీరు చెప్పకపోతే మనుషుల్ని పంపాల్సి వస్తుందండీ."

"అదే పంపు తల్లీ. పరుగెత్తుకు రమ్మను. మా ఇంటాయన పడ్డారు, లేవలేకపోతున్నారు."

"అయ్యో. తాతగారు నిజంగానే పడ్డారా?"

"ఈసారి బల్లి కాదమ్మా" అంది.

ఆవిడకు బల్లి సంగతి తెలుసన్నమాట. ఎప్పటినుంచో.

ఆ ఇద్దరే వచ్చారు, లావాటివాడు, బక్కవాడు. "ఈసారి కూడా చెప్పలేదా అమ్మా?" అన్నాడు లావాటివాడు. "లేదు నాయనా. ముందు ఆయన్ని ఎత్తండి, తర్వాత నన్ను పట్టుకుందురు గాని" అంది. ఎదురింటాయన అప్పుడు పేపరు మడిచి వచ్చాడు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయన్నట్టు, "ఏమైంది, ఏమైంది" అంటూ.

ఆసుపత్రి కౌంటరు దగ్గర నన్ను బండి మీద పడుకోబెట్టారు. కౌంటరమ్మాయి కంప్యూటరు చూస్తూ, "పేషెంటు పేరు?" అంది.

బక్కవాడికి నా పేరు తెలుసు. ఆ రోజు నేనే చెప్పాను. "నేను చెబుతానమ్మా" అని నోరు తెరిచాడు.

"నువ్వాగు నాయనా" అంది మా ఆవిడ.

అని, చెప్పింది.

మొత్తం చెప్పింది. ఇంటిపేరు, పేరు, ఒక్క అక్షరం మింగకుండా. గొంతు దించలేదు. బడిలో పంతులు హాజరు పిలిచినట్టు పిలిచింది. బెంచీల మీద జనం తిరిగి చూశారు. నేను పలకబోయాను, నొప్పి వల్ల ఊ అని మాత్రం వచ్చింది. కౌంటరమ్మాయి, "ఇంకోసారి చెప్పండి" అంది. ఇంకోసారి చెప్పింది. రెండుసార్లు. ఆ అమ్మాయి రాసింది వంగి చూసి, "అలా కాదు, అక్కడ ఒత్తు ఉంటుంది, సరిగా రాయి" అని కూడా అంది.

మర్చిపోవాలని చూస్తున్న మనిషికి ఒత్తు గుర్తుంటుందా.

కాసేపటికి అబ్బాయీ కోడలూ పరుగున వచ్చారు. బక్కవాడు విషయమంతా చెప్పేశాడు. కోడలు కళ్ళు తుడుచుకుంటూనే, "అత్తయ్యా, మరి ఆయుష్షు?" అంది.

"ఈయనకు చాలానే ఉందిలే. కొంచెం తగ్గితే ఇంటికే మంచిది" అంది మా ఆవిడ.

ఆపరేషన్ అయి మత్తు దిగాక అడిగాను. "ఇన్నేళ్ళూ అననిది అక్కడెందుకు అన్నావ్?"

ఆవిడ నా దుప్పటి సర్దుతోంది. "ఇంట్లో అంటే రారు. ఇక్కడ అనకపోతే చూడరు. ఎక్కడ అనాలో, ఎక్కడ అనకూడదో తెలియకే ఇన్నాళ్ళూ ఊరుకున్నాననుకున్నారా?"

నేను నవ్వాను. నవ్వితే తుంటి లాగింది. మళ్ళీ నవ్వాను.

జులై 5, శుక్రవారం

ఈ వార్డులో నర్సులు అందరినీ పేరు పెట్టే పిలుస్తారు. నన్నూ పిలుస్తారు, గారూ అని కూడా అంటారు. బాగానే ఉంది. కానీ ఆ రోజు విన్నట్టు లేదు.

జులై 10, బుధవారం

ఇంటికి తెచ్చారు. హాల్లోనే మంచం, పక్కన కుర్చీ, నాలుగు కాళ్ళ ఊతకర్ర. కన్ను కింద ఎత్తుపీట కనబడలేదు. ఎక్కడ దాచారో ఏమో.

అలారం బిగించినాయన వచ్చాడు. అబ్బాయి, "మార్చమంటారా నాన్నా?" అని నన్నే అడిగాడు. ఈసారి ఫోను చూడటం లేదు.

"మార్చెయ్యిరా" అన్నాను. "నా పేరు చెబితే ఎవరూ రాని ఇల్లు నాకెందుకు. టమాటా చెబితే రాకపోతే పోనీ."

మార్చాక పరీక్షకు మోగించారు. డబ్బాలో అదే అమ్మాయి. మా ఆవిడ వంటింట్లోంచి పరుగున వచ్చి, ఎవరూ అడక్కముందే, "టమాటా" అంది నోరారా. ఎంత తేలిగ్గా అందో. టమాటా ఆయుష్షు తగ్గితే ఎవరికి లెక్క.

"ధన్యవాదాలు అమ్మగారూ. తాతగారు ఎలా ఉన్నారు?" అంది అమ్మాయి.

"కూర్చుని కూతలు కూస్తున్నారు" అంది మా ఆవిడ.

పదం మారింది కాబట్టి ఇక నా పేరు రహస్యం కాదు. ఇక్కడ రాసుకోవచ్చు. కలం పట్టుకుని కూర్చున్నాను. అక్షరాలు వచ్చు, ఒత్తు ఎక్కడో కూడా తెలుసు. కానీ ఆవిడ ఆ కౌంటరు దగ్గర అన్న తీరు ఉంది చూశావా, సగం తిట్టు, సగం హాజరు, అది కాగితం మీద పెట్టేంత చదువు నేను చదువుకోలేదు. ఉత్త పేరు రాసి ఏం చేసుకోను.

వంటింట్లోంచి ఏవండీ అంటోంది. పొయ్యి మీద పాలున్నాయట, ఓ కన్నేసి ఉంచమంటోంది. నేను కుర్చీలోంచి కదల్లేనని ఆవిడకు తెలుసు. తెలిసే పిలుస్తోంది.

వస్తున్నా అన్నాను.